చెప్పులు విప్పించి చూశారా? కీళ్లవాతం నిర్ధారణపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటికి ల్యాబ్ రిపోర్టు జత చేసి ఉంది. ‘ఇది చూసి నాకు కీళ్లవాతం ఉందో లేదో చెప్పండి’ అని అడిగారు. రిపోర్టు ఒక్కటే చూసి చెప్పగలిగే జబ్బు కాదిది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేల్చడానికి డాక్టరు ఏమేం అడగాలో, ఎక్కడెక్కడ నొక్కి చూడాలో, ఏ పరీక్షకు ఎంత విలువో మీ ప్రశ్నల వరసలోనే చెబుతాం.

ప్రశ్న: నా వయసు 38. మూడు నెలలుగా పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవడం లేదు. రెండు మణికట్లూ, రెండు చేతుల చూపుడువేలు, మధ్యవేలు మెటికలూ వాచాయి. పాలగిన్నె దించాలన్నా భయమేస్తోంది. ఈఎస్‌ఆర్ 46, సీఆర్‌పీ 18 వచ్చాయి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ మాత్రం నెగెటివ్. ‘ఫ్యాక్టర్ లేదు కాబట్టి కీళ్లవాతం కాదు, కాల్షియం వాడండి’ అన్నారు. నిజమేనా?
– ఓ సోదరి, ఖమ్మం

జవాబు: కాదమ్మా. కాల్షియం బిళ్లలతో సరిపెట్టుకుని కూర్చోకండి. రుమటాయిడ్ ఉన్న ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఎప్పటికీ నెగెటివే. జబ్బు మొదలైన తొలి నెలల్లో అయితే ఇంకా ఎక్కువ మందికి అలాగే వస్తుంది. మీరు రాసిన లక్షణాలకే ఆ కాగితం కన్నా బరువెక్కువ.

డాక్టరు మొదట అడగాల్సింది పొద్దుటి బిగువు గురించి. నొప్పి ఎంత అని కాదు, లేచాక వేళ్లు మామూలుగా ఆడటానికి ఎంతసేపు పడుతోందని. అరిగిన కీలు పది, పదిహేను నిమిషాల్లో సర్దుకుంటుంది. రుమటాయిడ్‌లో అరగంట దాటుతుంది, చాలామందికి గంట పైనే. పని చేసేకొద్దీ హాయిగా ఉందా, నొప్పి పెరుగుతోందా అన్నది రెండో ప్రశ్న. కీలు లోపలి పొర వాచినప్పుడు కదిలించేకొద్దీ సుఖం, అరుగుదలలో విశ్రాంతి తీసుకుంటే సుఖం. గాజులు ఎక్కుతున్నాయా, ఉంగరం బిగిసిందా, తడిబట్ట పిండగలుగుతున్నారా, ముగ్గు గీత చేతికి ఆగుతోందా వంటివి ముందే గుర్తు చేసుకుని వెళ్లండి. ‘ఒళ్లంతా నొప్పులు’ అన్న మాట కన్నా ఇవి డాక్టరుకు ఎక్కువ ఉపయోగపడతాయి.

తర్వాత చేతులతో చేసే పరీక్ష. ప్రతి కీలునూ రెండు బొటనవేళ్లతో, డాక్టరు గోరు తెల్లబడేంత ఒత్తిడితో నొక్కాలి. అంతకన్నా తక్కువైతే నొప్పి బయటపడదు, ఎక్కువైతే బాగున్న కీలు కూడా నొప్పి పెడుతుంది. లోపలి పొర వాచిన కీలు పండిన ద్రాక్షను నొక్కినట్టు మెత్తగా తగులుతుంది. అరుగుదల వల్ల వచ్చిన గుబ్బ చింతగింజలా గట్టిగా ఉంటుంది, అదీ గోరు పక్క కణుపు మీద. రుమటాయిడ్ సాధారణంగా ఆ చివరి కణుపును వదిలేసి మెటికలను, వేలి మధ్య కణుపులను, మణికట్టును పట్టుకుంటుంది. నాలుగు మెటికలనూ పక్కల నుంచి కలిపి మెల్లగా పిండితే ‘అమ్మా’ అన్నారంటే అదొక గట్టి సూచన.

ఇక చాలాచోట్ల జరగనిది పాదాల పరీక్ష. చెప్పులు విప్పించి, కాలివేళ్ల మొదళ్లను కూడా అలాగే పిండి చూడాలి. మీ విషయంలో ఇది ఎందుకంత ముఖ్యమో లెక్క వేసి చూపిస్తాం.

అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి 2010లో ఒక పాయింట్ల పద్ధతి ఇచ్చాయి. కనీసం ఒక కీలులో అసలైన వాపు ఉండాలి, దానికి వేరే జబ్బు కారణం కాకూడదు. ఆ తర్వాతే లెక్క మొదలవుతుంది. 10కి 6 వస్తే రుమటాయిడ్ కింద చేరుస్తారు. వాపు గానీ నొక్కితే నొప్పి గానీ ఉన్న చిన్న కీళ్లు 1 నుంచి 3 ఉంటే 2 పాయింట్లు, 4 నుంచి 10 ఉంటే 3. చిన్నవీ పెద్దవీ కలిపి 10 దాటితే 5, అయితే వాటిలో ఒక్కటైనా చిన్న కీలు ఉండాలి. మణికట్టు చిన్న కీళ్ల లెక్కలోకే వస్తుంది. సొంత ఒంటికి ఎదురుతిరిగే యాంటీబాడీలను రక్తంలో వెతికే ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ పరీక్షల్లో ఏదో ఒకటి కొద్దిగా పాజిటివ్ అయితే 2, ల్యాబ్ హద్దుకు మూడు రెట్లు దాటితే 3. ఒంట్లో వాపు ఎంతుందో చూపే ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ పెరిగితే 1. బాధ ఆరు వారాలు నిండితే 1.

మీకు మణికట్లు రెండు, మెటికలు నాలుగు, మొత్తం ఆరు కీళ్లు: 3 పాయింట్లు. మూడు నెలలైంది కాబట్టి 1. మీ వయసు స్త్రీకి ఈఎస్‌ఆర్ హద్దు సుమారు 24 (వయసుకు 10 కలిపి సగం చేయాలి), మీది 46, కాబట్టి 1. మొత్తం 5. ఇక మిగిలినవి రెండు. మీ రిపోర్టులో యాంటీ సీసీపీ లేదు. అది చేయించండి. పాజిటివ్ వస్తే 7 లేదా 8 అవుతుంది. అది కూడా నెగెటివ్ అయితే కాళ్లు చూడాలి. రెండో వేలు నుంచి ఐదో వేలు వరకు మొదళ్లు రెండు పాదాల్లోనూ నొప్పి ఉంటే మరో ఎనిమిది కీళ్లు చేరతాయి. మొత్తం పద్నాలుగు. కీళ్లకే 5 వచ్చి మొత్తం 7 అవుతుంది. ఒక్క రక్తపరీక్ష కూడా మారకుండానే, చెప్పులు విప్పినందుకే! (కాలి బొటనవేలి మొదలు, చేతి బొటనవేలి అడుగు కీలు, గోరు పక్క కణుపులు ఈ లెక్కలోకి రావు. అవి అరుగుదల, గౌట్ ఉండే చోట్లు.) చేత్తో తేలకపోతే అల్ట్రాసౌండ్‌తో వాచిన పొరను, అందులోని రక్తప్రవాహాన్ని చూడవచ్చు.

ఇంకో మాట. ఈ పాయింట్లు మొదట పరిశోధనల్లో రోగులను వర్గీకరించడానికి తయారయ్యాయి. 5 దగ్గర ఆగినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. మంచి రుమటాలజిస్ట్ (కీళ్లవాతం నిపుణులు) అప్పుడు మందు మొదలుపెట్టడమో, నాలుగైదు వారాల్లో మళ్లీ పిలిచి నొక్కి చూడటమో చేస్తారు. జబ్బు ఎముకను కొరకడం చాలామందిలో తొలి ఏడాదిలోనే మొదలవుతుంది. కాబట్టి మీకు మూడు నెలలు ఇప్పటికే ఎక్కువ. చేతులు, పాదాలు ఎక్స్‌రే తీయించండి. అది మామూలుగా ఉందంటే జబ్బు లేదని అర్థం కాదు, ఇంకా ఎముకను కొరకలేదని అర్థం. రేపు పోల్చుకోవడానికి ఆ ఫిల్మ్ దాచుకోవాలి.

ప్రశ్న: వయసు 61. మెట్లెక్కితే మోకాళ్లు నొప్పి. ‘ఆర్థరైటిస్ ప్యాకేజీ’ చేయిస్తే ఆర్‌ఏ ఫ్యాక్టర్ 48 (ల్యాబ్ హద్దు 20), ఏఎస్‌ఓ పాజిటివ్ వచ్చాయి. ఇంట్లో అందరూ కంగారు పడుతున్నారు. మళ్లీ చేయించమంటారా?
– ఓ పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: వద్దండీ. చేతివేళ్లలో, పాదాల్లో వాపు లేదు, పొద్దున బిగువు ఐదు నిమిషాలే అని రాశారు. మెట్లెక్కినప్పుడు మాత్రమే నొప్పి అంటే అరుగుదల వైపు చూడాలి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనేది మన సొంత యాంటీబాడీలకు ఎదురుగా పుట్టే మరో యాంటీబాడీ. వయసు పైబడిన ఆరోగ్యవంతుల్లో కొందరికి ఊరికే ఉంటుంది. హెపటైటిస్ సి, క్షయ, కుష్ఠు, గుండె కవాటాల ఇన్ఫెక్షన్, నోరూ కళ్లూ ఎండిపోయే షోగ్రెన్ జబ్బుల్లోనూ వస్తుంది. మీ 48 మూడు రెట్లు (అంటే 60) కూడా దాటలేదు. కీలు వాపు లేనివారిలో ఈ అంకెకు దాదాపు విలువే లేదు. అందుకే వాపు చూశాకే ఈ పరీక్ష రాయాలి, ముందు కాదు. యాంటీ సీసీపీ ఇంతకన్నా నమ్మదగినది. రుమటాయిడ్ లేనివారిలో అది పాజిటివ్ రావడం అరుదు.

ఏఎస్‌ఓ సంగతి ఇంకా వేరు. అది గొంతులో వచ్చే స్ట్రెప్టోకాకస్ ఇన్ఫెక్షన్ ఆనవాలు. పిల్లల్లో గుండెను దెబ్బతీసే రుమాటిక్ జ్వరం అనుమానం ఉన్నప్పుడు చేయించాల్సింది. రుమాటిక్, రుమటాయిడ్ అన్న పేర్ల పోలిక వల్ల ఈ ప్యాకేజీల్లోకి చేరి ఎందరినో భయపెడుతోంది. ఏఎస్‌ఓ చూసి 61 ఏళ్ల మనిషికి మూడువారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టడం తప్పు.

చుట్ట తాగుతానని రాశారు. పొగ తాగేవారిలో, ముఖ్యంగా యాంటీ సీసీపీ పాజిటివ్ అయ్యే రకం రుమటాయిడ్ ఎక్కువ. ఇప్పుడు మీకు జబ్బు లేదు. మానేయడానికి ఇది మంచి సమయం. మీ ప్రాంతంలో ఆడవాళ్లు కూడా చుట్ట తాగుతారు కాబట్టి ఈ ప్రశ్న వాళ్లనూ అడగాలి. డాక్టర్లు తరచు మరిచిపోతారు.

ప్రశ్న: ఈ రక్తపరీక్షలకు పరగడుపున వెళ్లాలా? నొప్పి బిళ్లలు ఆపాలా?
– అనంతపురం నుంచి

జవాబు: ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీలకు పరగడుపు అక్కర్లేదు. పారాసెటమాల్ వేసుకోవచ్చు. అసలు చిక్కంతా స్టెరాయిడ్‌తోనే. ప్రెడ్నిసలోన్ నాలుగు రోజులు వేసుకున్నా వాపు దిగిపోతుంది, సీఆర్‌పీ తగ్గిపోతుంది. డాక్టరు నొక్కేసరికి ఏమీ దొరకదు. ఊళ్లో వేయించుకున్న ‘వాతం సూది’లో, పేరు లేని పొడుల్లో, పొట్లం కట్టి ఇచ్చిన రంగు బిళ్లల్లో అదే ఉండొచ్చు. కాబట్టి వాడినవన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్లండి, ఖాళీ స్ట్రిప్పులైనా సరే. అయితే మూడు వారాలకు మించి వాడుతుంటే సొంతంగా ఒక్కసారిగా ఆపకండి. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి మందగించి ఉంటుంది, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. వాపు ఎక్కువగా ఉన్న రోజు పొద్దునే చేతుల ఫొటో తీసి పెట్టుకోండి. సాయంత్రం అపాయింట్‌మెంట్‌కు వాపు కనిపించకపోయినా ఆ ఫొటో పనికొస్తుంది.

సీఆర్‌పీ ప్రమాణం చూడటం మరవకండి. ఒక ల్యాబ్ లీటరుకు, ఇంకో ల్యాబ్ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తుంది. మొదటిదాంట్లో 18, రెండోదాంట్లో 1.8 ఒకటే. ‘18 నుంచి 1.8కి తగ్గింది’ అని సంబరపడి మందు మానేసినవారు ఉన్నారు.

ప్రశ్న: రెండు నెలల కింద మా వీధిలో సగంమందికి జ్వరం వచ్చింది. నాకు జ్వరం తగ్గినా వేళ్లు, మడమల దగ్గర కీళ్లు వాచే ఉన్నాయి. ఇది చికున్‌గున్యానా, కీళ్లవాతమా?
– ఓ గృహిణి, కర్నూలు

జవాబు: మీ వాక్యంలోనే సగం జవాబుంది. ఒక్కసారిగా తీవ్ర జ్వరం, ఇరుగుపొరుగుకు అదే బాధ, రెండు మూడు రోజుల్లో అన్ని కీళ్లూ పట్టేయడం చికున్‌గున్యా లక్షణాలు. రుమటాయిడ్ చాలామందికి వారాల మీద మెల్లగా పాకుతుంది. 2005–06లో రాయలసీమతో సహా రాష్ట్రమంతా ఈ జ్వరం చుట్టేసినప్పుడు ఎందరో నెలల తరబడి గోడ పట్టుకుని నడిచారు. పెద్దవాళ్లకు ఇంకా గుర్తే.

చిక్కు ఏమిటంటే, చికున్‌గున్యా కీళ్లు పాయింట్ల లెక్కలో 6 సులువుగా దాటేస్తాయి. పది పైన కీళ్లు, ఆరు వారాలు, పెరిగిన సీఆర్‌పీ ఉంటే చాలు. అందుకే ‘వేరే జబ్బు కారణం కాకూడదు’ అన్న షరతు పెట్టింది. చికున్‌గున్యా ఐజీఎం పరీక్ష చేయించండి. జ్వరం వచ్చి ఐదారు రోజులయ్యాక పాజిటివ్ అవుతుంది, కొన్ని నెలలు ఉంటుంది. జ్వరం మొదలైన తేదీ కచ్చితంగా రాసుకోండి. యాంటీ సీసీపీ కూడా చేయించండి, చికున్‌గున్యాలో సాధారణంగా నెగెటివే. గట్టి పాజిటివ్ వస్తే కథ మారుతుంది, ఎందుకంటే జ్వరం ముసుగులో రుమటాయిడ్ మొదలైన వాళ్లూ ఉంటారు. చాలామందికి మూడు నెలల్లో తగ్గుతుంది. మూడు నెలలు దాటాక కూడా వాపు (నొప్పి కాదు, వాపు) మిగిలితే కారణం వైరస్ అయినా సరే, రుమటాలజిస్ట్ చేతిలోనే వైద్యం జరగాలి.

ప్రశ్న: వయసు 45, వ్యవసాయం. నడుము, మెడ కర్రలా బిగుసుకున్నాయి. చేతులకు వాపు లేదు. కీళ్లవాతం మందులు ఆరు నెలలుగా వాడినా గుణం లేదు.
– నల్గొండ జిల్లా నుంచి

జవాబు: రుమటాయిడ్ నడుమును పట్టదు. మెడ పైభాగాన్ని పట్టవచ్చు, అదీ చేతులు దెబ్బతిన్నాక. వేళ్లు బాగుండి వెన్ను బిగిస్తే వేరే దారిలో వెతకాలి. మీ జిల్లా అనగానే ఫ్లోరోసిస్ గుర్తు రావాలి. మోచేతి నుంచి మణికట్టు వరకు ఎక్స్‌రే తీస్తే రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి కనిపిస్తుంది. మూత్రంలో, తాగే బోరునీటిలో ఫ్లోరైడ్ కొలవాలి. నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దానితోపాటు వెన్నును బిగించేసే యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ అనే జబ్బు కోసం తుంటి వెనకాల సాక్రోఇలియాక్ కీళ్ల ఎక్స్‌రే చూడాలి. అది 45 ఏళ్ల లోపే మొదలవుతుంది, తెల్లవారుజామున నడుము నొప్పితో లేపేస్తుంది. తలలో, చెవుల వెనక, బొడ్డులో పొలుసులు, గోళ్లపై గుంటలు ఉన్నాయేమో కూడా చూపించండి. సొరియాసిస్ ఆర్థరైటిస్ వెన్నునూ పడుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. మూడు రోజులుగా కుడి మోకాలు ఎర్రగా కాలిపోతోంది, జ్వరం 102. ఏ పరీక్షలు చేయించాలి?
– నిజామాబాద్ నుంచి

జవాబు: ఉత్తరం చేరగానే ఫోన్‌లో చెప్పించాం. మిగతా పాఠకుల కోసం ఇక్కడ రాస్తున్నాం. ఒకే కీలు, జ్వరం, ఎరుపు కనిపిస్తే చీము పట్టిందని భావించి ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ కోసం రెండు రోజులు ఎదురుచూస్తే ఈలోగా మృదులాస్థి కరిగిపోతుంది. సూదితో కీలులోని నీరు తీసి తెల్లకణాల లెక్క, గ్రామ్ రంగు పరీక్ష, కల్చర్, స్ఫటికాల పరీక్ష చేయాలి. కణాలు 50,000 దాటితే చీముగానే చూడాలి. తక్కువున్నా పూర్తి నిశ్చింత లేదు. వీలైతే నీరు తీశాకే యాంటీబయాటిక్. ఇప్పటికే రుమటాయిడ్ ఉన్నవారికి ఒక్క కీలు మిగతావాటిని మించి భగ్గుమన్నా ఇదే పద్ధతి. ‘జబ్బు పెరిగింది’ అని స్టెరాయిడ్ సూది వేయించుకోవద్దు.

ప్రశ్న: విజయవాడలో ఉన్న మా అమ్మకు (64 ఏళ్లు, 48 కిలోలు) రుమటాయిడ్ అని తేలింది. అయినా మందు ఇవ్వకుండా హెపటైటిస్ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, కంటి పరీక్ష అంటూ తిప్పుతున్నారట. ఇవన్నీ అవసరమా?
– డాలస్ నుంచి ఓ కూతురు

జవాబు: అవసరమే. తిప్పుతున్నారని కోపం తెచ్చుకోకండి. మొదటి మందు సాధారణంగా మెథోట్రెక్సేట్. అది లివర్‌పై, రక్తకణాలపై పనిచేస్తుంది, మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. అందుకే రక్తకణాల లెక్క, ఎస్‌జీపీటీ, క్రియాటినిన్, హెపటైటిస్ బి, సి ముందే చూడాలి. దాగున్న హెపటైటిస్ బి ఈ మందులతో విజృంభించవచ్చు. ఛాతీ ఎక్స్‌రే రెండు పనులు చేస్తుంది. రుమటాయిడ్ ఊపిరితిత్తులను గట్టిపరిచిందా అనేది, పాత క్షయ మచ్చలు ఉన్నాయా అనేది చూపిస్తుంది. పొడిదగ్గు, మెట్ల మీద ఆయాసం ఉంటే అమ్మను డాక్టరుకు చెప్పమనండి, అప్పుడు సీటీ స్కాన్ అవసరం. రేపు బయోలాజిక్ ఇంజెక్షన్ల దాకా వెళ్తే మాంటూ లేదా ఇగ్రా పరీక్షతో క్షయ లేదని తేల్చుకోవడం తప్పనిసరి.

కంటి పరీక్ష హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మరో కీళ్లవాతం మందు కోసం, మోతాదు మించితే అది చూపును దెబ్బతీయవచ్చు. కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు మించకూడదు. అమ్మకు 48 కిలోలు కాబట్టి 240 దాటకూడదు. అంటే రోజుకు ఒక 200 బిళ్ల. 400 రాసి ఉంటే అడగండి.

మీరు దూరాన ఉన్నారు కాబట్టి ఒక్క విషయం మాత్రం స్వయంగా చూడండి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే. చీటీ మీద ‘ఆదివారం మాత్రమే’ అన్నట్టు వారం పేరు రాయించండి. రోజూ మింగితే నోరంతా పుండ్లు పడి, తెల్లకణాలు పడిపోయి ప్రాణమే పోవచ్చు. ఇది తరచు జరిగే పొరపాటు. దానికి తోడుగా ఇచ్చే ఫోలిక్ ఆమ్లం వేరే రోజున. రెండూ పసుపు బిళ్లలే అయితే వేర్వేరు డబ్బాల్లో పెట్టించండి. మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తపరీక్ష.

ప్రశ్న: మందు మొదలై రెండు నెలలైంది. వెళ్లిన ప్రతిసారీ డాక్టరు అన్ని వేళ్లూ నొక్కి లెక్క రాసుకుంటున్నారు. రక్తపరీక్ష చాలదా?
– వరంగల్ నుంచి

జవాబు: చాలదు. అలా నొక్కి చూసే డాక్టరు దొరికారంటే వదులుకోకండి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఒకసారి తేలాక మళ్లీ మళ్లీ చేయించనక్కర్లేదు, మందు పనిచేస్తోందో లేదో అది చెప్పదు. ఈఎస్‌ఆర్ రక్తహీనతతోనూ పెరుగుతుంది. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసిందే.

మీ డాక్టరు వేసేది 28 కీళ్ల లెక్క. భుజాలు, మోచేతులు, మణికట్లు, మోకాళ్లు కలిపి 8, మెటికలు 10, వేలి మధ్య కణుపులు 10. నొప్పి ఉన్నవి, వాచినవి విడివిడిగా లెక్కిస్తారు. వాటికి మీ బాధకు మీరిచ్చే మార్కు (10కి), డాక్టరు ఇచ్చే మార్కు కలిపితే సీడీఏఐ, అంటే జబ్బు ఎంత చురుకుగా ఉందో చెప్పే స్కోరు వస్తుంది. నొప్పి 6, వాపు 4, మీరు 5, డాక్టరు 4 వేస్తే 19. 10 నుంచి 22 మధ్య ఉంటే జబ్బు మధ్యస్థంగా చురుకుగా ఉన్నట్టు, 22 దాటితే తీవ్రం. 10 లోపు తేలిక, 2.8 లోపు అణిగినట్టు. మూడు నెలలకు చెప్పుకోదగ్గ తగ్గుదల లేకపోయినా, ఆరు నెలలకు అనుకున్న చోటికి రాకపోయినా మందు పెంచాలి లేదా మార్చాలి.

ఈ 28లో పాదాలు లేవు. చేతులు చల్లబడి లెక్క 2కి వచ్చినా కాలివేళ్ల మొదళ్లలో మంట మిగిలి ఉండొచ్చు. పొద్దున మంచం దిగి నేల మీద అడుగేస్తే గులకరాళ్ల మీద నడిచినట్టుంటే, లెక్క ఎంత బాగున్నా ఆ మాట డాక్టరుకు చెప్పి, చెప్పులు విప్పి పాదాలు చూపించండి.